142857 ఎందుకు గుండ్రంగా తిరుగుతోంది?

కొత్తపలక · రాత్రి 9:12
అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఇవాళ తప్పలేదు.

మా అమ్మాయి ఆరో తరగతి. భాగహారాలు చేయిస్తూ ఒకటిని ఏడుతో భాగించమన్నాను. 0.142857142857... అని వచ్చింది. సరే, తిరిగి తిరిగి వస్తుందని తెలుసు. తర్వాత తనంతట తానే రెండుని ఏడుతో భాగించింది. 0.285714... "నాన్నా, మళ్ళీ అవే అంకెలు. కాకపోతే మధ్యలోంచి మొదలయ్యాయి" అంది. ఏదో కాకతాళీయం అనుకుని గుణకారం చేసి చూశాం:

142857 × 2 = 285714
142857 × 3 = 428571
142857 × 4 = 571428
142857 × 5 = 714285
142857 × 6 = 857142

అవే ఆరు అంకెలు, అదే వరస, మొదలు మాత్రమే వేరు. ఏడుతో గుణిస్తే ఉన్నట్టుండి 999999! ఎందుకని అడిగింది. "పడుకో, రేపు చెప్తా" అని తప్పించుకున్నాను. రేపటిలోగా ఎవరైనా ఆదుకోండి. ఆరో తరగతి పిల్లకి అర్థమయ్యేలా ఉండాలి, పెద్ద పెద్ద మాటలు వద్దు.

రహస్యం369 · రాత్రి 9:31
ఇది మామూలు సంఖ్య కాదండీ. ఇందులో 3, 6, 9 ఎక్కడా లేవు, గమనించారా? ఏడుతో గుణించగానే అన్నీ తొమ్మిదులు. దాగి ఉన్న తొమ్మిది చివర్లో బయటపడుతుంది. సృష్టి అంతా ఈ లెక్క మీదే నడుస్తోందని నా నమ్మకం.

బేసిబుర్ర · రాత్రి 9:34
సున్నా కూడా లేదు కదా సార్. దాని రహస్యం ఏంటో?

నిదానమే_ప్రధానం · రాత్రి 10:05
కొత్తపలక గారూ, భాగహారం కాగితం మీద వేయండి. పైన వచ్చే భాగఫలం వైపు చూడొద్దు, కింద మిగిలే శేషాల వైపు చూడండి. విషయమంతా అక్కడే ఉంది.

1కి సున్నా దించితే 10. ఏడొకట్ల ఏడు, మిగిలింది 3.
30. ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది, మిగిలింది 2.
20. ఏడు రెళ్ళు పద్నాలుగు, మిగిలింది 6.
60. ఏడెనిమిదులు యాభై ఆరు, మిగిలింది 4.
40. ఏడైదులు ముప్పై ఐదు, మిగిలింది 5.
50. ఏడేళ్ళు నలభై తొమ్మిది, మిగిలింది 1.

మళ్ళీ ఒకటి దగ్గరికే వచ్చాం. ఇక్కడినుంచి చేసేదంతా ముందు చేసిందే. శేషాల వరస 1, 3, 2, 6, 4, 5. ఏడుతో భాగిస్తే సున్నా కాకుండా మిగలగలిగినవి ఆరే ఆరు, ఆ ఆరూ ఈ చక్రంలో ఒక్కోసారి వచ్చేశాయి.

ఇప్పుడు రెండుని ఏడుతో భాగించడమంటే ఏమిటి? శేషం 2 ఉన్న మెట్టు దగ్గర ఎక్కడమే. 2, 6, 4, 5, 1, 3. అంకెలు 2, 8, 5, 7, 1, 4. చక్రం ఒకటే, ఎక్కే చోటు వేరు. మీ అమ్మాయికి ఒక గుండ్రం గీసి ఆరు శేషాలూ దాని చుట్టూ రాసి చూపించండి. ఇంకేమీ చెప్పక్కర్లేదు.

999999 సంగతి: 1/7ని పది లక్షలతో గుణిస్తే 142857.142857... వస్తుంది. అందులోంచి 1/7 తీసేస్తే పాయింటు తర్వాతిదంతా పోయి 142857 మిగులుతుంది. పది లక్షల్లోంచి ఒకటి తీస్తే 999999. అంటే 999999లో ఏడోవంతే మన 142857.

నిదానమే_ప్రధానం · రాత్రి 10:11
ఇంకొకటి మర్చిపోయాను. 3, 6, 9, 0 ఎందుకు లేవంటారా? అంకె 3 రావాలంటే శేషానికి సున్నా దించాక వచ్చే సంఖ్య 21కీ 27కీ మధ్య ఉండాలి. అక్కడ 20 లేదు, 30 లేదు. 6 రావాలంటే 42 నుంచి 48 మధ్య, 9కి 63 నుంచి 69 మధ్య. ఎక్కడా పది గుణిజం తగలదు. సున్నా రావాలంటే శేషమే సున్నా అవ్వాలి. ఏడో ఎక్కం వచ్చినవాళ్ళెవరైనా తేల్చగలిగే రహస్యమే ఇది.

రహస్యం369 · రాత్రి 10:20
మీరు ఎలా అని చెప్పారు. ఎందుకు అని చెప్పలేదు. ఏడే ఎందుకు?

శేషం_సున్నా · రాత్రి 10:42
ఏడు ఒక్కదాని గొప్పేం కాదు, ఏడూ పదీ కలవడం వల్ల వచ్చింది. మనం పది అంకెలతో రాస్తాం కాబట్టి ప్రతి మెట్టులో శేషాన్ని పదితో గుణిస్తున్నాం. కంప్యూటర్‌లో లాగా 0, 1 మాత్రమే వాడితే ప్రతి మెట్టులో రెండుతో గుణించాలి. అప్పుడు 1/7 = 0.001001001... మూడంకెలకే తిరిగిపోతుంది. శేషాలు 1, 2, 4. మిగతా మూడూ, 3, 6, 5, వేరే చక్రం. అంకెలు మార్చగానే మాయ సగమైంది.

గసాభా · రాత్రి 11:03
దీన్ని అన్ని ప్రధాన సంఖ్యలకీ చెప్పొచ్చు కదా? 7కి ఆరు అంకెలు, 11కి పది, 13కి పన్నెండు... భాజకం కన్నా ఒకటి తక్కువ.

బేసిబుర్ర · రాత్రి 11:06
1/11 = 0.090909... రెండే అంకెలండీ గసాభా గారూ.

గసాభా · రాత్రి 11:08
ఔను కదా. పరీక్షించకుండా రాసేశాను, సారీ.

శేషం_సున్నా · రాత్రి 11:40
సారీ ఎందుకండీ, ఆ తప్పులోంచే అసలు విషయం బయటికొస్తుంది. 13ని చూడండి.

1/13 = 0.076923 076923... శేషాలు 1, 10, 9, 12, 3, 4. ఆరుకే చక్రం మూసుకుపోయింది. మరి మిగతా ఆరు శేషాలు ఎటు పోయాయి? 2/13 వేయండి: 0.153846... శేషాలు 2, 7, 5, 11, 6, 8. మొత్తం పన్నెండూ రెండు చక్రాలుగా విడిపోయాయి. ఒక చక్రంలో ఎక్కినవాడు రెండో చక్రంలోకి ఎప్పటికీ రాడు.

గమనించాల్సింది: రెండు చక్రాలకీ పొడవు ఒకటే. ఇది యాదృచ్ఛికం కాదు. మొదటి చక్రంలోని ప్రతి శేషాన్నీ రెండుతో గుణించి, 13 దాటితే 13 తీసేయండి. 1 పోయి 2, 10 పోయి 7, 9 పోయి 5, 12 పోయి 11, 3 పోయి 6, 4 పోయి 8. మొదటి చక్రానికి అచ్చు తీసినట్టు రెండో చక్రం వచ్చింది. ఏ ప్రధాన సంఖ్యకైనా ఇంతే, ఒక చక్రాన్ని గుణిస్తే ఇంకో చక్రం వస్తుంది (లేదా అదే చక్రం), పొడవు మారదు.

చక్రాల మధ్యలో దారులు కలిసిపోవా అని అనుమానం రావచ్చు. కలవవు. రెండు వేర్వేరు శేషాలని పదితో గుణిస్తే ఒకే శేషం వచ్చిందనుకోండి, వాటి తేడాకి పదిరెట్లని 13 భాగించాలి. పదిని 13 భాగించదు, తేడా 13 కన్నా చిన్నది. కాబట్టి కుదరదు.

ఇప్పుడు లెక్క తేలిపోయింది. మొత్తం 12 శేషాలు, అన్నీ సమాన పొడవున్న చక్రాలు. అంటే చక్రం పొడవు 12ని నిశ్శేషంగా భాగించాలి. గసాభా గారు చెప్పింది సగం నిజం: తిరిగే అంకెల సంఖ్య భాజకం కన్నా ఒకటి తక్కువ కానక్కర్లేదు, దాన్ని భాగిస్తే చాలు. 11కి 2, పదిని భాగిస్తుంది. 37కి 3 (1/37 = 0.027027...), 36ని భాగిస్తుంది. 41కి 5 (0.02439...), 40ని భాగిస్తుంది. 2, 5 మాత్రం ఈ ఆటలో లేవు, అవి పదిలోనే ఉన్నాయి కాబట్టి.

పాతలెక్క · రాత్రి 11:58
శేషం_సున్నా గారు తెలిసి రాశారో తెలియక రాశారో గానీ, ఫెర్మా చిన్న సిద్ధాంతాన్ని నిరూపించేశారు. చక్రం 12ని భాగిస్తే 12 మెట్ల తర్వాత కచ్చితంగా 1 దగ్గరే ఉంటాం. అంటే పదిని పన్నెండుసార్లు గుణించి ఒకటి తీసేస్తే 13తో నిశ్శేషంగా భాగమవుతుంది. పది బదులు మరో సంఖ్య పెట్టినా ఇదే వాదన నడుస్తుంది, 13 బదులు మరో ప్రధాన సంఖ్య పెట్టినా నడుస్తుంది. భాజకం ఆ సంఖ్యని భాగించకూడదు, అంతే షరతు. ఫెర్మా దీన్ని 1640లో ఒక ఉత్తరంలో నిరూపణ లేకుండా రాశాడు. ఆయిలర్ తన నిరూపణని 1736లో సమర్పించాడు, అది అచ్చయింది 1741లో.

మేము కాలేజీలో దీన్ని బట్టీ పట్టాం. భాగహారం కింద మిగిలే శేషాల్లోంచి చూపించి ఉంటే ఎంత బాగుండేదో.

శేషం_సున్నా · అర్ధరాత్రి 12:04
తెలిసే రాశానండీ. పేరు చెప్తే భయపడతారని చెప్పలేదు.

కొత్తపలక · ఉదయం 8:20
ఇన్ని సమాధానాలా! రాత్రి గుండ్రం గీసుకుని నేనే నేర్చుకున్నాను. పొద్దున్న అమ్మాయికి చూపించాను. పది నిమిషాల్లో పట్టేసింది. తర్వాత తనే చక్రం మీద ఎదురెదురుగా ఉన్న శేషాలు కలిపి గీతలు గీసి, "1, 6 కలిపితే ఏడు. 3, 4 కలిపితే ఏడు. 2, 5 కలిపితే ఏడు" అంది. మళ్ళీ నేను బిక్కమొహం.

ఇంకో సందేహం. క్యాలిక్యులేటర్‌లో 1/17 వేస్తే 0.0588235294 అని వచ్చి ఆగింది. తిరగడం లేదేంటి?

బేసిబుర్ర · ఉదయం 8:41
తిరుగుతుందండీ, చూసే ఓపిక క్యాలిక్యులేటర్‌కి లేదు. 17కి పదహారు అంకెలు కావాలి: 0.0588235294117647, ఆ తర్వాత మళ్ళీ మొదటినుంచి. దాని తెర మీద పదే పట్టాయి.

నిదానమే_ప్రధానం · ఉదయం 9:15
అమ్మాయి గట్టిదే. ఎదురెదురు శేషాలు కలిస్తే ఏడు వస్తున్నాయంటే, ఎదురెదురు అంకెలు కలిస్తే తొమ్మిది రావాలి. చూడండి: 1, 8. 4, 5. 2, 7. అంటే 142 + 857 = 999. మిడీ అనే ఫ్రెంచ్ గణితజ్ఞుడు 1836లో దీని మీద రాశాడు.

కారణం 1001లో ఉంది. 1001 = 7 × 11 × 13. 1/7 అంటే 0.142857... వెయ్యిలో ఏడోవంతు 142.857142... ఈ రెండూ కూడితే 1001లో ఏడోవంతు, అంటే సరిగ్గా 143. పాయింటు తర్వాత ఉన్న రెండు తోకలూ కలిసి నిండు ఒకటి అవ్వాలి. 0.142857... + 0.857142... = 0.999999... ప్రతి స్థానంలో తొమ్మిదే.

13 కూడా 1001లో ఉంది కాబట్టి అక్కడా ఇంతే: 076 + 923 = 999. ప్రధాన సంఖ్య అయి, తిరిగే అంకెలు సరిసంఖ్యలో ఉంటే ఎప్పుడూ పనిచేస్తుంది. 17కి 05882352 + 94117647, కూడి చూసుకోండి. 41కి ఐదంకెలు కాబట్టి సగానికి కోయలేం.

గసాభా · ఉదయం 9:50
ఈసారి పరీక్షించే రాస్తున్నా. మూడు ముక్కలు చేసినా బాగుంది: 14 + 28 + 57 = 99. 1/13కీ 07 + 69 + 23 = 99. కానీ 3/7కి 42 + 85 + 71 = 198 వచ్చింది. 99కి రెట్టింపు. కాబట్టి "ఎప్పుడూ 99" అని రాయను, "99 గుణిజం" అని రాస్తాను.

పాతలెక్క · ఉదయం 11:25
ఈ సంఖ్యలో నాకు బాగా ఇష్టమైనది ఇంకొకటి ఉంది. 142857ని దానితోనే గుణిస్తే 20408122449. వెనకనుంచి ఆరంకెల దగ్గర విరవండి: 20408, 122449. కూడండి: 142857!

ఇలాంటి వాటిని కాప్రేకర్ సంఖ్యలంటారు. డి. ఆర్. కాప్రేకర్ (1905–1986) మహారాష్ట్రలోని దేవలాలీలో బడిపంతులు. 6174 వింత కూడా ఆయనదే (అంకెలన్నీ ఒకటే కాని ఏ నాలుగంకెల సంఖ్యనైనా తీసుకుని, దాని అంకెలతో వచ్చే పెద్ద సంఖ్యలోంచి చిన్న సంఖ్యని తీసేస్తూ పోతే చివరికి 6174 దగ్గరే ఆగుతాం). చిన్న ఉదాహరణలు కావాలంటే 45 (2025, 20 + 25), 55 (3025, 30 + 25).

142857 ఎందుకు కాప్రేకర్ సంఖ్య అయిందో రెండు వాక్యాల్లో తేలుతుంది. ఒకటి తగ్గిస్తే 142856, అది ఏడుతో పోతుంది, భాగఫలం 20408. కాబట్టి 142857 × 142856 అంటే 142857 × 7 × 20408, అంటే 999999 × 20408. దీనికి ఒక 142857 కలిపితే వర్గం వస్తుంది. 999999 రెట్లని "పది లక్షల రెట్లు, అందులోంచి ఒక రెట్టు తీసేసినది" అని చదవండి. ముందు భాగంలో 20408 నిలుస్తుంది, వెనక భాగంలో 142857లోంచి 20408 తీసేయగా మిగిలిన 122449. రెండూ కూడితే తీసేసింది తిరిగొచ్చినట్టే కదా.

రహస్యం369 · మధ్యాహ్నం 12:10
ఇదే నేను చెప్పింది. ఈ సంఖ్యలో ఏదో ఉంది.

బేసిబుర్ర · మధ్యాహ్నం 12:12
ఉంది సార్. ఏడు ఉంది.

గసాభా · మధ్యాహ్నం 2:30
ఒక ప్రశ్న. ఏడులాగా ఒకే పెద్ద చక్రం ఉన్నవి ఎన్ని? నేను వందలోపు వేశాను: 7, 17, 19, 23, 29, 47, 59, 61, 97. వందలోపు 25 ప్రధాన సంఖ్యల్లో తొమ్మిది. వీటికి అంతు ఉందా?

పాతలెక్క · మధ్యాహ్నం 3:05
ఇది ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. గౌస్ 1801లో అచ్చయిన తన పుస్తకంలో వందలోపు భాజకాలకి ఇలాంటి పట్టిక ఇచ్చాడు. 1927లో ఎమిల్ ఆర్టిన్, ఇలాంటివి అనంతంగా ఉంటాయని, మొత్తం ప్రధాన సంఖ్యల్లో దాదాపు 37.4 శాతం ఉంటాయని ఊహించాడు. మీ లెక్క 36 శాతం వచ్చింది, చూడండి. 1967లో హూలీ నిరూపించాడు గానీ, సాధారణీకరించిన రీమాన్ పరికల్పన (ప్రధాన సంఖ్యలు ఎలా పరుచుకుని ఉంటాయన్నదానితో ముడిపడిన ఒక ఊహ) నిజమైతేనే అన్న షరతు మీద. ఆ షరతు ఇంకా తేలలేదు. ఆరో తరగతి భాగహారంలోంచి బయల్దేరి ఇంత దూరం వచ్చేశాం.

కొత్తపలక · సాయంత్రం 6:15
అమ్మాయి వెనక్కి తిప్పి అడుగుతోంది: చక్రం పొడవు "ఒకటి తక్కువ"ని భాగిస్తే ఆ భాజకం ప్రధాన సంఖ్యేనా? అలాగైతే ప్రధాన సంఖ్యల్ని పట్టుకోవడం తేలికే కదా అని.

శేషం_సున్నా · సాయంత్రం 7:02
కాదని చెప్పండి. 9 చాలు: 1/9 = 0.111..., చక్రం పొడవు 1, అది 8ని భాగిస్తుంది. 33కి పొడవు 2, 32ని భాగిస్తుంది. 91 అయితే మరీ దొంగ. చూడ్డానికి ప్రధాన సంఖ్యలాగే ఉంటుంది గానీ 7 × 13. రెండింటి చక్రాలూ ఆరే కాబట్టి 91దీ ఆరే (0.010989...), ఆరు 90ని భాగిస్తుంది.

పది బదులు వేరే సంఖ్యతో గుణిస్తే 91 దొరికిపోతుంది. రెండుతో గుణిస్తే దాని చక్రం పొడవు 12, అది 90ని భాగించదు. కానీ 561 (3 × 11 × 17) దేనితో గుణించినా దొరకదు, తన కారణాంకాలున్న సంఖ్యలతో గుణిస్తే తప్ప. 3, 11, 17ల నుంచి ఒక్కొక్కటి తగ్గిస్తే 2, 10, 16. ఈ మూడూ 560ని భాగిస్తాయి, అదీ కిటుకు. వీటిని కార్మైకేల్ సంఖ్యలంటారు. ఇవి అనంతంగా ఉన్నాయని ఆల్ఫర్డ్, గ్రాన్‌విల్, పోమెరన్స్ నిరూపించిన పేపరు 1994లో వచ్చింది.

బేసిబుర్ర · రాత్రి 9:20
మోసం మాట వచ్చింది కాబట్టి, నన్ను ఏళ్ళ తరబడి ఏడిపించిన వరస ఒకటి. 31, 331, 3331, 33331, 333331, 3333331, 33333331. ఏడూ ప్రధాన సంఖ్యలే. ఎనిమిదోది 333333331, ఇది మాత్రం 17 × 19607843. ఏడుసార్లు నమ్మించి ఎనిమిదోసారి దెబ్బకొట్టింది. ఎందుకు 17? ఎందుకు అక్కడే? ఎవరిని అడిగినా "అలా కుదిరింది అంతే" అంటారు.

నిదానమే_ప్రధానం · రాత్రి 10:30
"అలా కుదిరింది" కాదు. మీ జవాబు ఈ చర్చలోనే ఉంది. బాగుంది, ఇది నేనూ ఇప్పుడే చూశాను.

మీ సంఖ్యని మూడుతో గుణించండి. 31 × 3 = 93, అంటే 100 − 7. 331 × 3 = 993, అంటే 1000 − 7. అలాగే 333333331 × 3 అంటే వంద కోట్లలోంచి ఏడు తీసేసినది. ఒక ప్రధాన సంఖ్య దీన్ని భాగించాలంటే (3ని పక్కన పెట్టండి) పది ఘాతాన్ని (100, 1000 లాంటి సంఖ్యని) దానితో భాగించినప్పుడు శేషం 7 రావాలి. శేషాల చక్రంలో 7 ఎక్కడుందో చూడడమే.

7కి: శేషం 7 అంటే సున్నా, అది చక్రంలో లేదు. ఎప్పటికీ భాగించదు.
11కి: చక్రం 1, 10. ఏడు లేదు.
13కి: చక్రం 1, 10, 9, 12, 3, 4. ఏడు రెండో చక్రంలో ఉంది! ఇందాక చెప్పుకున్నట్టు అటు పోలేం. కాబట్టి మీ వరస ఎంత దూరం పోయినా 13 దాన్ని తాకలేదు.
17కి: ఒకటే పెద్ద చక్రం, పదహారు శేషాలూ ఉన్నాయి, ఏడు తప్పించుకోలేదు. 1, 10, 15, 14, 4, 6, 9, 5, 16, 7. ఒకటి నుంచి తొమ్మిదో మెట్టులో తగిలింది. తొమ్మిది సున్నాలున్న వంద కోట్లు, ఎనిమిది మూళ్ళూ ఒక ఒకటీ. మీ 333333331.

ఇక్కడినుంచి ప్రతి పదహారు మెట్లకీ 17 మళ్ళీ వస్తుంది.

బేసిబుర్ర · రాత్రి 10:44
ఇన్నేళ్ళూ 17ని తిట్టుకున్నాను. వందనాలు.

గసాభా · రాత్రి 11:15
19కి వేశాను. దానిదీ ఒకే చక్రం: 1, 10, 5, 12, 6, 3, 11, 15, 17, 18, 9, 14, 7. పన్నెండో మెట్టు. 333333333331 = 19 × 17543859649. గుణించి మరీ చూశా.

కొత్తపలక · మర్నాడు సాయంత్రం 5:40
23 మా ఇంట్లో తేలింది. కాగితం చుట్టూ 22 శేషాలు రాస్తూ పోతే 7 ఇరవై ఒకటో మెట్టులో వచ్చింది. ఇరవై మూళ్ళు, చివర ఒకటి. మధ్యలో నేను 160లో 22 మిగులుతుందని చూసుకోకుండా 21 రాసి తప్పుదారి పట్టించాను. అమ్మాయి ఎదురు శేషాలు కూడి చూసి, "1కి ఎదురుగా 22 ఉండాలి నాన్నా, మీ 21 కాదు" అని పట్టుకుంది.